రోడ్ పార్ట్‌నర్ల లెక్క: అమెరికా పూల్ జూదరులకు డబ్బు ఎక్కడ మిగిలేది?

క్లుప్తంగా: 20వ శతాబ్దపు అమెరికాలో ఊరూరా తిరిగి పూల్ (బల్ల మీది బంతులను క్యూ అనే కర్రతో పాకెట్లలోకి కొట్టే ఆట) ఆడి పందేలు గెలిచే ఆటగాళ్లు చాలాసార్లు జంటగా తిరిగేవారు. ఒకరు ఆడేవారు, ఇంకొకరు పందెం కుదిర్చేవారు. బాగా ఆడటం ఈ పనికి కనీస అర్హత మాత్రమే. డబ్బు మిగిలేది పందెం షరతుల్లో, ఎదుటివాళ్ల గురించి ముందే తెలిసిన సమాచారంలో, జేబులో ఉన్న సొమ్ము పరిమాణంలో. ఆ సమాచారం ఫోన్లో అందరికీ దొరకడం మొదలయ్యాక ఈ బతుకుతెరువు చాలావరకు మూతపడింది.

పూల్ హస్లర్ అనగానే చాలామందికి సినిమాలో చూసిన మనిషే గుర్తొస్తాడు. తెలియని ఊళ్లో పూల్ హాల్లోకి వస్తాడు. కాస్త తాగినట్టు నటిస్తాడు. రెండు ఆటలు కావాలని ఓడి, పందెం పెంచి, ఆఖర్లో అసలు ఆట బయటపెట్టి డబ్బు జేబులో వేసుకుని వెళ్లిపోతాడు. 1961లో పాల్ న్యూమన్ నటించిన ‘ది హస్లర్’, 1986లో దాని కొనసాగింపుగా వచ్చిన ‘ది కలర్ ఆఫ్ మనీ’ ఈ మనిషిని ప్రపంచమంతటికీ పరిచయం చేశాయి.

అలాంటివి జరగలేదని కాదు. కానీ ఆ పద్ధతిలో ఏళ్ల తరబడి బతకడం కష్టం. ఒకసారి అసలు ఆట చూపించాక ఆ హాల్లో మళ్లీ ఎవరూ పందెం కాయరు. పక్క ఊరికి కబురు మనిషి కంటే ముందే చేరుతుంది. పైగా పరిచయం లేని మనిషితో కొత్తవాళ్లు కాసే పందేలు చిన్నవి. పెట్రోలు, మోటల్ గది, భోజనం ఖర్చులు పోను వాటితో ఏమీ మిగలదు. పెద్ద సొమ్ము వేరేచోట ఉండేది. ఎదుటివాడు బాగా ఆడతాడని తెలిసి కూడా ‘ఈ షరతులతో అయితే గెలుస్తాను’ అనుకుని దిగే స్థానిక మొనగాడి దగ్గర, అతని వెనక నిలబడి డబ్బు పెట్టే వ్యాపారి దగ్గర ఉండేది.

జంట ఎందుకు అవసరమైంది?

ఒంటరిగా తిరిగినవాళ్లూ ఉన్నారు. అయినా జంటగా తిరగడానికి మొదటి కారణం గణితంలోనే ఉంది. చేతిలోని సొమ్ము ఎన్ని పందేలకు సరిపోతుందో ఆ సంఖ్యను పూల్ జూదరులు ‘బ్యారెళ్లు’ అంటారు. ఆటకు వంద డాలర్ల పందెంలో ఐదు వందలతో దిగినవాడి దగ్గర ఐదు బ్యారెళ్లు ఉన్నట్టు.

ఒక ఆటగాడికి ప్రతి ఆటలో గెలిచే అవకాశం 55 శాతం అనుకుందాం. అతని దగ్గర ఐదు బ్యారెళ్లు, ఎదుటివాడి దగ్గర ఇరవై. ఇద్దరిలో ఒకరి జేబు ఖాళీ అయ్యేదాకా ఆడితే, మెరుగైన ఆటగాడు అయి ఉండి కూడా అతనే నూటికి 36 సార్లు దివాలా తీస్తాడు. ఆట ఏమీ మారకుండా కేవలం పది బ్యారెళ్లతో దిగితే ఆ ప్రమాదం 13 శాతానికి పడిపోతుంది. అంటే తనంత డబ్బు ఉన్న ఇంకొకరిని కలుపుకుంటే చాలు, క్యూ పట్టుకునే తీరు రవ్వంత మారకపోయినా ఓడిపోయే అవకాశం మూడో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. ఎన్ని నెలలు సాధన చేస్తే ఇంత తేడా వస్తుంది?

రెండో కారణం పని విభజన. జంటలో ఆట తక్కువ వచ్చినవాడు ఒక రోజు ముందే ఊళ్లోకి వెళ్లేవాడు. చిన్న పందేలు ఆడి కొంచెం పోగొట్టుకునేవాడు. ఆ నష్టం పెట్టుబడి కిందే లెక్క. ఆ కాస్త సొమ్ముతో ఇక్కడ ఎవరు ఎంత బాగా ఆడతారు, ఎవరి వెనక ఎవరు డబ్బు పెడతారు, జీతాలు ఏ రోజున వస్తాయి, ఎవరికి ఎంత తొందరగా కోపం వస్తుంది అన్నవి తెలిసేవి. మర్నాడు అసలు ఆటగాడు పరిచయం లేనివాడిలా వచ్చేవాడు. చాలామంది ఊళ్లు, హాళ్లు, మనుషుల వివరాలు నోటు పుస్తకంలో రాసుకునేవారు. అలాంటి పుస్తకమే ఒక ఆస్తి.

మూడోది, ఆడుతున్నవాడు బల్ల మీద నుంచి కళ్లు తిప్పలేడు. చుట్టూ ఏం జరుగుతోందో చూడటానికి ఇంకొకరు కావాలి. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందేల బరి చుట్టూ అసలు పందెం కంటే పై పందేలే ఎక్కువ మొత్తం తేల్చినట్టు, పూల్ హాల్లో కూడా బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు కాసే పందేలు చాలాసార్లు ఆటగాళ్ల మధ్య పందేన్ని దాటిపోయేవి. వాటిని పట్టుకోవడం పార్ట్‌నర్ పని. ‘ఇతను ఫలానా ఊరి ప్రొఫెషనల్’ అని స్థానికుడి చెవిలో ఊదే మనిషిని ‘నాకర్’ అనేవారు. అలాంటివాణ్ణి కనిపెట్టి మాటల్లో పెట్టడం, డబ్బు భద్రంగా ఉంచడం, గెలిచాక తలుపు దాకా ఏ గొడవా లేకుండా చేరడం కూడా అతని బాధ్యతే. గెలిచిన సొమ్ము దోపిడీ అయితే పోలీసుల దగ్గరికి వెళ్లే దారి లేదు, ఎందుకంటే చాలా రాష్ట్రాల్లో ఆ పందెమే చట్టవిరుద్ధం.

లేని డబ్బుతో పందెం కాసేవాళ్లూ ఉండేవారు. దాన్ని ‘ఎయిర్ బ్యారెల్’ అనేవారు. గెలిస్తే తీసుకుంటాడు, ఓడితే తలుపు వైపు నడుస్తాడు. అందుకే పెద్ద పందేల్లో సొమ్మును ముందే మూడో మనిషికి ఇచ్చేవారు, లేదా బల్లపైన వేలాడే దీపం మీద అందరికీ కనిపించేలా పెట్టేవారు. ఎదుటివాడి డబ్బు దీపం మీదికి చేరేదాకా ఆట మొదలుకాకుండా చూడటం మంచి పార్ట్‌నర్ లక్షణం.

ఆట కంటే ముందు జరిగే ఆట

ఈ వ్యవహారంలో కీలకమైన పదం ‘స్పాట్’. బలమైన ఆటగాడు బలహీనుడికి ఇచ్చే వెసులుబాటు అది. నైన్‌బాల్‌లో ఒకటి నుంచి తొమ్మిది వరకు నంబర్లున్న బంతులుంటాయి. క్యూతో కొట్టే తెల్ల బంతి ప్రతిసారీ బల్ల మీదున్న చిన్న నంబరు బంతిని ముందుగా తాకాలి. తొమ్మిదో బంతిని పాకెట్ చేసినవాడు ఆట గెలుస్తాడు. బలహీనుడికి ‘ఎనిమిది ఇస్తాను’ అంటే అతను ఎనిమిదో బంతిని వేసినా గెలిచినట్టే. బ్రేక్ (బంతుల గుంపును చెదరగొట్టే తొలి దెబ్బ) ఎప్పుడూ అతనికే ఇవ్వడం, సెట్ (ఒకే పందెం కింద ఆడే కొన్ని ఆటలు) మొదలయ్యే ముందే రెండు ఆటలు అతని ఖాతాలో వేయడం కూడా స్పాట్ రకాలే. వన్‌పాకెట్‌లో అయితే లెక్క ఇంకా సూక్ష్మం. ప్రతి ఆటగాడికీ ఒకే పాకెట్ ఉంటుంది, మామూలుగా ఎనిమిది బంతులు వేయాలి. బలవంతుడు తొమ్మిది వేయాలి, బలహీనుడికి ఏడు చాలు అని బేరం కుదుర్చుకోవచ్చు. పది–ఆరు, పది–ఏడు... ఇలా ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా కోయవచ్చు.

ఈ బేరం కుదిరినచోటే సగం పందెం తేలిపోయేది. దాచాల్సింది కూడా ఆట వచ్చా రాదా అన్నది కాదు, ఎంత వచ్చు అన్నది. జూదరుల మాటలో అది ‘స్పీడ్’. ఎదుటివాడికి నిజంగా రెండు బంతుల వెసులుబాటు అవసరమైనచోట ఒక్క బంతితో ఒప్పించగలిగితే చాలు. ఆ పైన మామూలుగా ఆడినా సరిపోతుంది, నటించే పనే లేదు. స్థానిక మొనగాడి అభిమానం ఇక్కడ బాగా పనికొచ్చేది. తన ఊరివాళ్ల ముందు ఎక్కువ వెసులుబాటు అడగడం అతనికి నామోషీ. పార్ట్‌నర్ మాట్లాడేది ఆ నామోషీతోనే.

జూదరులు నైన్‌బాల్, వన్‌పాకెట్ వైపు మొగ్గడానికీ కారణం ఇదే. అంతకుముందు ప్రతిష్ఠ ఉన్న ఆట స్ట్రెయిట్ పూల్. అందులో ఒకే విడతలో వరసగా ఎన్ని బంతులు వేశాడన్న లెక్క మనిషి స్థాయిని బయటపెట్టేస్తుంది. 1954లో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో విల్లీ మొస్కోనీ ఎగ్జిబిషన్ ఆటలో వరసగా 526 బంతులు వేశాడు. అలాంటి పేరు వచ్చాక పందెం ఎవరు కాస్తారు? నైన్‌బాల్ ఆట నిమిషాల్లో అయిపోతుంది, అదృష్టానికి చోటుంది. వెంట్రుకవాసిలో తప్పిన బంతి నిజంగా తప్పిందో, తప్పించిందో చూసేవాళ్లు తేల్చలేరు.

ఇక సెట్ రూపం. అదే 55 శాతం ఆటగాణ్ణి తీసుకుందాం. ‘ముందు ఏడు ఆటలు గెలిచినవాడిది పందెం’ అంటే అతను గెలిచే అవకాశం 64 శాతం. అదే ‘ఎదుటివాడి కంటే పది ఆటలు ముందుకు వెళ్లినవాడిది’ అంటే 88 శాతం. మనుషులు వాళ్లే, బల్ల అదే, ఒక్క షరతు మారింది. ఇలాంటి ‘అహెడ్’ సెట్లు సగటున డెబ్బై ఆరు ఆటలు సాగుతాయి, అంటే రాత్రి మొదలైతే తెల్లవారే దాకా. పూల్ జూదం కథల్లో ఇరవై గంటలు, ముప్ఫై గంటలు అనే మాట అన్నిసార్లు ఎందుకు వినిపిస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. చిన్న తేడాను పెద్ద తేడాగా మార్చేది సమయం. మెరుగైన ఆటగాడు దాన్ని కొనుక్కుంటాడు, నిద్ర, తిండి మానుకుని.

సగం లాభం, పూర్తి నష్టం

అందరికీ సొంత డబ్బు ఉండేది కాదు. ఆటగాడి వెనక సొమ్ము పెట్టేవాణ్ణి ‘స్టేక్‌హార్స్’ అంటారు. 1960లలో పూల్ హాళ్లలోనే తిరిగి హస్లర్ల వృత్తిని అధ్యయనం చేసిన సోషియాలజిస్టు నెడ్ పోల్స్‌కీ వివరించిన మామూలు ఒప్పందం ఇది: ఓడితే నష్టమంతా డబ్బు పెట్టినవాడిది, గెలిస్తే లాభంలో చెరిసగం.

చూడ్డానికి సరళమైన ఒప్పందమే కానీ లోపల పెద్ద తిరకాసు ఉంది. వెయ్యి డాలర్ల పందెంలో డబ్బు పెట్టినవాడికి గెలిస్తే వచ్చేది ఐదు వందలు, ఓడితే పోయేది వెయ్యి. అతనికి అసలు సొమ్ము దక్కాలంటేనే ఆటగాడు మూడింట రెండుసార్లు, అంటే 67 శాతం గెలవాలి. పైన చెప్పిన ఏడు ఆటల సెట్లో 64 శాతం అవకాశం ఉన్న ఆటగాడి మీద పెట్టినా దీర్ఘకాలంలో నష్టమే. సమాన బలం ఉన్న పోటీకి స్టేక్‌హార్స్ డబ్బు తీయడానికి ఇష్టపడకపోవడం పిసినారితనం కాదు. ఒప్పందమే అతన్ని ఖాయంగా గెలిచే పందేల వైపు నెడుతుంది.

ఆటగాడి లెక్క పూర్తిగా వేరు. అతని సొమ్ము ఒక్క డాలరూ పోదు. సగం సగం అవకాశం ఉన్న పోటీ కూడా అతనికి సగటున 250 డాలర్ల లాభం. కాబట్టి ఎవరితోనైనా ఆడతానంటాడు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. ఎదుటివాడితో రహస్యంగా మాట్లాడుకుని కావాలని ఓడితే, స్టేక్‌హార్స్ వెయ్యి డాలర్లు ఎదుటివాడికి పోతాయి. అందులో సగం చేతికొస్తే అదీ ఐదు వందలే. నిజాయతీగా గెలిస్తే వచ్చేదీ ఐదు వందలే, కాకపోతే అది గెలిస్తేనే వస్తుంది. అమ్ముడుపోతే మాత్రం ఖాయంగా వస్తుంది. దీన్ని ‘డంప్’ అనేవారు. మోసం చేసేవాడి గుణం చెడ్డదని చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఆ ఒప్పందంలోనే మోసానికి బహుమతి రాసిపెట్టి ఉంది.

కొందరు స్టేక్‌హార్స్‌లు దీనికి విరుగుడుగా పాత నష్టం పూడేదాకా లాభంలో వాటా ఇచ్చేది లేదనేవారు. అది ఇంకో సమస్య తెచ్చింది. ఐదు వేలు వెనకబడ్డ ఆటగాడు వరసగా గెలిచినా చాలాకాలం చేతికి పైసా రాదు. దాంతో వేరే స్టేక్‌హార్స్‌ను వెతుక్కుంటాడు.

సొంత సొమ్ము కలుపుకుని తిరిగే రోడ్ పార్ట్‌నర్ల పద్ధతి ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. ఖర్చులు ముందు తీసేసి, లాభనష్టాలు రెండూ చెరిసగం పంచుకుంటే డంప్ చేసినా ఆటగాడికి మిగిలేదేమీ లేదు. ఎదుటివాడి నుంచి వచ్చిన ఐదు వందలకు సరిగ్గా అంతే అతని సగం నష్టం. చెడ్డ పోటీకి తొందరపడటం వల్ల అతనికీ దెబ్బే. నమ్మకస్తుడైన పార్ట్‌నర్ దొరకడం కష్టమని పాత ఆటగాళ్లు అన్నన్నిసార్లు చెప్పుకోవడంలో స్నేహం ఎంత ఉందో, ఈ లెక్కా అంతే ఉంది.

డబ్బు ఉన్న ఊళ్లు

హస్లర్లు ఆట కోసం కాక డబ్బు పారే చోటి కోసం తిరిగారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వర్జీనియాలోని నార్ఫోక్ అలాంటి చోటు. నౌకాదళ స్థావరం, ఓడల తయారీ కేంద్రాలు, చేతిలో జీతం ఉండి రేపేమవుతుందో తెలియని నావికులు. ‘వింపీ’ అని పిలిచే లూథర్ ల్యాసిటర్, తర్వాత మిన్నెసోటా ఫ్యాట్స్‌గా పేరు పొందిన రుడాల్ఫ్ వాండరోన్ ఆ రోజుల్లో అక్కడి పందేల్లో ఉన్నవాళ్లే. యుద్ధం తర్వాత 1956 చట్టంతో మొదలైన అంతర్రాష్ట్ర రహదారులు ఊరికీ ఊరికీ మధ్య దూరాన్ని తగ్గించాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో నాణెం వేసి ఆడే ఏడడుగుల చిన్న బల్లలు బార్లలోకి చేరాక పూల్ హాల్ లేని ఊళ్లో కూడా పందెం దొరికింది. పెద్ద బల్ల మీద ఆరితేరినవాడు బార్ బల్ల మీద తడబడటం మామూలే. తెల్ల బంతి మిగతావాటి కంటే పెద్దదిగానో బరువుగానో ఉండేది కాబట్టి దాని తీరు వేరు. అందుకే బార్ బల్లల మీదే బతికిన రోడ్ ఆటగాళ్లు ప్రత్యేకమైన తెగ.

టోర్నమెంట్లు ఎందుకు ఆడలేదన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. బహుమతి సొమ్ము తక్కువ. నల్లజాతి ఆటగాళ్లకైతే పెద్ద పోటీల తలుపులే చాలాకాలం తెరుచుకోలేదు. బ్రూక్లిన్‌కు చెందిన సిసెరో మర్ఫీ 1965లో ప్రపంచ స్థాయి టైటిల్ గెలిచేదాకా ఆ స్థాయికి చేరిన నల్లజాతి ఆటగాడే లేడు. అలాంటివాళ్లకు పందెం బల్ల ఒక్కటే ఆదాయ మార్గం.

ఇల్లినాయ్ దక్షిణాన జాన్‌స్టన్ సిటీ అనే చిన్న బొగ్గు గనుల పట్టణంలో జార్జ్, పాలీ జాన్స్‌కో సోదరులు 1961లో వన్‌పాకెట్ పోటీ పెట్టినప్పుడు ఈ రెండు ప్రపంచాలూ ఒకచోట కలిశాయి. పేరుకు టోర్నమెంట్. అది ముగిశాక తెల్లవార్లూ సాగే పందేల కోసమే దేశం నలుమూలల నుంచీ ఆటగాళ్లు వచ్చేవారు. పత్రికలు వచ్చాయి, టీవీ వచ్చింది. 1972లో ఫెడరల్ అధికారుల దాడితో ఆ పోటీల కథ ముగిసింది.

పేరు వస్తే వ్యాపారం పోతుంది

ఈ వృత్తిలో కీర్తి నేరుగా నష్టం. దీన్ని తలకిందులు చేసి లాభపడినవాడు వాండరోన్ ఒక్కడే అనిపిస్తుంది. 1961 సినిమాలోని మిన్నెసోటా ఫ్యాట్స్ పాత్ర తనదేనని ప్రకటించుకుని, మూల నవల రాసిన వాల్టర్ టెవిస్ కాదన్నా లెక్కచేయకుండా, ఆ పేరుతోనే టీవీ తారగా మారాడు. 1978లో మొస్కోనీతో జరిగిన పోటీని ఏబీసీ టీవీ చానల్ ప్రసారం చేసింది. మొస్కోనీ గెలిచాడు. అయినా జనం నోట ఎక్కువగా మిగిలిన పేరు ఫ్యాట్స్‌దే. పెద్ద టైటిల్ ఒక్కటీ లేకుండా పూల్‌లో అంత పేరు తెచ్చుకున్నవాళ్లు ఇంకెవరూ కనబడరు.

దీనికి ఎదురు ఉదాహరణ ఫిలిప్పీన్స్‌కు చెందిన ఎఫ్రెన్ రేయెస్. 1985లో అమెరికా వచ్చేసరికే అతని పేరు అక్కడి ఆటగాళ్ల చెవిన పడింది, ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. సీజర్ మొరాలెస్ అనే మారుపేరుతో హ్యూస్టన్‌లో దిగి అక్కడి పోటీ గెలిచాడు. ఫొటోలు, వీడియోలు ఇప్పటిలా అందరికీ చేరని కాలంలోనే అది సాధ్యం. 1999లో అతను ప్రపంచ నైన్‌బాల్ చాంపియన్ అయ్యేసరికి పేరు మార్చుకుని ఆడే అవకాశం అతనికి మిగల్లేదు.

ఎందుకు తగ్గిపోయింది?

పూల్ హాళ్లు తగ్గడం ఒక కారణం. పెళ్లికాని మగవాళ్లు కాలక్షేపానికి చేరే లోకం కరిగిపోవడం వల్లే హాళ్లు క్షీణించాయని పోల్స్‌కీ 1960లలోనే వాదించాడు. రెండు సినిమాల తర్వాతా కొన్నేళ్లు జనం ఎగబడ్డారు, మళ్లీ పలచబడ్డారు. 1990లలో చాలా రాష్ట్రాలకు కాసినోలు వ్యాపించాయి. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ పోకర్ ప్రపంచ సిరీస్ ప్రధాన పోటీ గెలిచాక, పూల్ హాల్లో పందెం కాసే తరహా యువకులు, వాళ్ల వెనక డబ్బు పెట్టే తరహా మనుషులు అటు మళ్లారు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో క్రీడా బెట్టింగ్ రాష్ట్రాల ఇష్టానికి వచ్చింది. పందెం కాయాలంటే సిగరెట్ పొగ నిండిన గదికి వెళ్లాల్సిన పని తప్పింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ సమాచారం చవకైపోవడం. నోటు పుస్తకంలో దాచుకున్న వివరాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. గత దశాబ్దంలో ఫార్గోరేట్ అనే రేటింగ్ పద్ధతి ఆటగాడి స్థాయిని ఒక అంకెగా మార్చేసింది. ఇద్దరి మధ్య వంద పాయింట్ల తేడా ఉంటే బలవంతుడు ప్రతి మూడు ఆటల్లో రెండు గెలుస్తాడని ఆ అంకె చెబుతుంది. ఏడు ఆటల సెట్లో అది దాదాపు 90 శాతం గెలుపు. ఒకప్పుడు ఒక పార్ట్‌నర్ రోజంతా కూర్చుని, కొంత డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్న విషయం ఇప్పుడు ఫోన్లో అర నిమిషంలో కనిపిస్తుంది.

జూదం మాత్రం పోలేదు. కెంటకీలోని లూయివిల్ ప్రాంతంలో 1999 నుంచి నడుస్తున్న డర్బీ సిటీ క్లాసిక్ అనే పూల్ పోటీలో ఇప్పటికీ అర్ధరాత్రి దాటాక పక్క బల్లల మీద పెద్ద పందేలు సాగుతాయి. ప్రముఖుల మధ్య పందెం ఆటలు ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా ప్రసారమవుతున్నాయి. అక్కడ ఎవరు ఎవరో అందరికీ తెలుసు. కాబట్టి బేరం రేటింగ్ చెప్పని విషయాల మీదికి మారింది: బల్ల పాకెట్లు ఎంత ఇరుకు, బ్రేక్ ఎవరికి, ఎన్ని గంటలు ఆడాలి, ఈ మధ్య ఎవరు సాధన తగ్గించారు. వన్‌పాకెట్ లాంటి ఆటలో నైన్‌బాల్ రేటింగ్ అంతగా పనికిరాదు కాబట్టి, స్పాట్ మీద గంటల తరబడి వాదన ఇంకా వినిపించేది ఎక్కువగా ఆ బల్లల దగ్గరే.